భీమశంకరం గారి తిరిగే సీటు

భీమశంకరం గారి కారులో ముందు సీటు సగం కంపెనీది, సగం సెలూనుది. కూర్చునే భాగం కారుతో పాటే వచ్చింది. దాని కింద తిరిగే భాగం మాత్రం పాత బస్టాండు దగ్గర మూతపడిన ఒక సెలూను కుర్చీలోంచి వచ్చింది. ఆయన చింతలగట్టు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరరు. పేరులో భీముడున్నా మనిషి వెదురుబద్ద. చేతికి స్పానరు చిక్కినప్పుడు మాత్రం పేరుకు తగ్గ విధ్వంసం చేసేవారు.

ఆరేళ్ల కిందట ఆయన భార్య హైమావతికి మోకాళ్లు మొరాయించాయి. నడవగలదు, నిలబడగలదు. కారులోకి ఒంగి, కాళ్లు లోపలికి లాక్కోవడమే కొండెక్కినంత పని. బయటికి తిరిగే సీటు ఈ మోడలుకు రాదని షోరూము వాళ్లు చెప్పారు. రాదన్నదాన్ని రప్పించడమే భీమశంకరం గారికి సరదా. రెండు ఆదివారాలు కారు కింద వెల్లకిలా పడుకుని, గ్రీజు పూసుకుని, కారు సీటుకూ సెలూను కుర్చీకీ పెళ్లి చేశారు.

తిరిగే సీటుకు ఆగే ఏర్పాటు కూడా ఉండాలన్న సంగతి ఆయనకు మొదటి ప్రయాణంలో తెలిసింది. మార్కెట్టు మలుపులో కారు ఒకవైపు తిరిగితే హైమావతి ఇంకోవైపు తిరిగి, వెనక సీటులోని ఆడపడుచుకు సరిగ్గా ఎదురుగా వచ్చి ఆగింది. ఊరు దాటేదాకా వదినా మరదళ్లు ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు.

"ఇలాగే ఉంచెయ్యండి. ఆ రోడ్డూ, మీరు గేరు మార్చడమూ చూడక్కర్లేకుండా ప్రాణం హాయిగా ఉంది" అంది హైమావతి.

మర్నాడు బాత్రూం తలుపు గడియ ఊడదీసి సీటుకు బిగించారు. బాత్రూం తలుపు నెల్లాళ్లు తాడుతో నడిచింది. గడియ బిగించే హడావిడిలో ఏ తీగ ఏ తీగకు తగిలిందో గానీ, ఆనాటి నుంచి హారన్ నొక్కితే వైపర్లు ఆడేవి. కాబట్టి భీమశంకరం గారు ఎదుటివాళ్లను తప్పుకోమనడానికి కిటికీలోంచి తల బయటపెట్టి "బాబూ, కాస్త" అనడం అలవాటు చేసుకున్నారు. హారన్ కంటే అదే బాగా పనిచేసింది.

నాలుగేళ్ల కిందట హైమావతి పోయింది. సీటును మళ్లీ మామూలుగా చేసేద్దామని ఆయన రెండుసార్లు స్పానరు పట్టుకుని వెళ్లి, రెండుసార్లూ సీటు తుడిచి వచ్చేశారు.

మూడేళ్లు అది ఖాళీగానే ఉంది. ఆ తర్వాత వీధి చివర టైలరు మస్తాన్ వలికి మూత్రపిండాలు చెడ్డాయి. మంగళ, శుక్రవారాలు ఊరవతల బైపాసులో ఉన్న పెద్దాసుపత్రిలో డయాలసిస్. ఎప్పుడో మోపెడ్ మీంచి పడినప్పటి నుంచి అతని కుడి మోకాలు వంగదు. ఆటోలో కాలు బయటికి చాపి కూర్చుంటే మొదటి వారం ఒక పాలక్యాను, రెండో వారం ఒక ఎద్దు దాన్ని పలకరించి వెళ్లాయి. ఆ యాతన పడలేక మస్తాన్ రెండుసార్లు వెళ్లడమే మానేశాడు. మొహం ఉబ్బి, ఆయాసం పట్టుకుంది. ఇంకోసారి మానేస్తే తను పూచీ కాదని డాక్టరమ్మ చెప్పేసింది. ఆ సాయంత్రం భీమశంకరం గారు కారు తెచ్చి మస్తాన్ గుమ్మం ముందు ఆపి, సీటు బయటికి తిప్పి, "కూర్చో" అన్నారు. మస్తాన్ కూర్చున్నాడు. ఆయన సీటును లోపలికి తిప్పారు. చాపిన కాలు చాపినట్టే లోపలికి వచ్చేసింది.

"దీంట్లో కూచుంటే ఎవరో మెడకు తువ్వాలు కడతారనిపిస్తంది మాస్టారూ" అన్నాడు మస్తాన్.

"నోరు కదపకుండా కూర్చుంటే గడ్డం కూడా గీస్తాను."

అలా ఏడాది గడిచింది. అప్పుడు వచ్చింది యథాతథ వాహన ఉద్యమం.

ఎక్కడో పట్నంలో ఒక పెళ్లివారు ఊరేగింపు జీపుకు రేకుతో ఏనుగు తొండం చేయించి బిగించారట. ఆ తొండం వెళ్లి సిగ్నలు స్తంభాన్ని చుట్టుకుందట. పెళ్లికొడుకు క్షేమం. స్తంభం మాత్రం ఎర్రదీపంతో అలాగే ఉండిపోయింది. దాని మీద ఒక కమిటీ కూర్చుని, లేచి, సొంత తెలివితో బళ్లకు మార్పులు చేయడమే సమస్త అనర్థాలకూ మూలమని తేల్చింది. వెంటనే వాహన స్వరూప పరిరక్షణ శాఖ అని ఒకటి వెలిసింది. దాని ఉత్తర్వులో ఒకటే వాక్యం ఉంది. ప్రతి వాహనమూ రిజిస్ట్రేషన్ నాడు తీసి ఫైలులో అతికించిన ఫొటోలో ఏ రూపంలో ఉన్నదో, యావజ్జీవమూ ఆ రూపంలోనే ఉండవలెను.

శుక్రవారం పొద్దున ఆసుపత్రికి వెళ్తూండగా బైపాసు మొదట్లో కారును ఆపారు. ఆపినాయన చింతలగట్టు స్వరూపాధికారి కూర్మారావు. లావుపాటి మనిషి. చంకలో ఫైలు లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదన్నట్టు ఉంటాడు. అతను కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మస్తాన్ కూర్చున్న సీటు దగ్గర ఆగి, తలుపు తెరిచి, సీటును వేలితో నెట్టాడు. గడియ సరిగా పడలేదేమో, సీటు మస్తాన్‌తో సహా మెల్లగా తిరిగి అతని ఎదుటికి వచ్చింది.

"నమస్కారమండీ" అన్నాడు మస్తాన్, ఎదురుపడ్డాక అనకపోతే బాగుండదని.

"ఇది అనధికార పరిభ్రమణం" అన్నాడు కూర్మారావు. "వారం దినములలోగా వాహనాన్ని మూలస్వరూపంలో కార్యాలయం ఎదుట హాజరుపరచవలసి ఉంటుంది. తప్పినచో స్వాధీనం."

"సీటు తీసేస్తే ఇతను ఆసుపత్రికి వెళ్లలేడండీ" అన్నారు భీమశంకరం గారు.

"తమ ఆవేదనను శాఖ గమనంలోకి తీసుకుంటుంది. గమనించడం తప్ప చేయగలిగినది లేదు."

కారు కదలబోతూండగా మస్తాన్ సీటు లోపలికి తిప్పుకుని, గడియను ఈసారి గట్టిగా నొక్కి వేసుకున్నాడు.

"పోనీలే మాస్టారూ. ఏడాది తిప్పారు. అదే ఎక్కువ."

"నోరు ముయ్యి" అన్నారు భీమశంకరం గారు. అంత కటువుగా ఆయన ఫెయిలైన విద్యార్థితో కూడా మాట్లాడలేదు.

ఆ వారం చింతలగట్టులో కొత్త చిక్కు బయటపడింది. మనవైపు కొత్త బండి కొన్నవాడు ముందు దేవుడి దగ్గరికి వెళ్తాడు, ఆ తర్వాతే ఆఫీసుకు వెళ్తాడు. ఈ సంగతి ఉత్తర్వు రాసినవారికి తట్టలేదు. ఫైళ్లు తెరిస్తే ఒక్క బండీ బండిలా లేదు. బంతిపూల దండలు, ముందు అద్దం మీద పసుపు కుంకుమ బొట్లు, బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ, చక్రాల కింద నలగడానికి సిద్ధంగా ఇంకో నాలుగు నిమ్మకాయలు, పక్కన పగిలిన గుమ్మడికాయ. ఫొటోలో ఉన్నది స్వరూపం, స్వరూపం మార్చడం నేరం. కాబట్టి దండ లేని లారీ నేరస్థురాలైంది. దండ వాడిపోయిన బస్సుకు మూడు రోజుల గడువిచ్చారు.

ఆఫీసు ముందు వరస కట్టిన బళ్లతో ఆ వీధి ఆయుధపూజలా ఉంది. ఫొటో నాడు వాన పడుతున్న బళ్ల మీద ఆఫీసు నౌకరు బిందెలతో నీళ్లు పోశాడు. ఎండలో ఫొటో దిగిన బళ్లను మబ్బు పట్టిందని వెనక్కి పంపారు. అప్పలస్వామి ఆటో ఫొటోలో, ఆటో వెనక ఒక మేక నిలబడి ఉంది.

"ఆ మేక ఎప్పుడో పోనాది బాబూ" అన్నాడు అప్పలస్వామి. "దాని మనవరాలుంది, తెమ్మంటారా?"

శాఖ దీని గురించి ఒక పూటంతా ఆలోచించింది. అసలు భాగం లభ్యం కానిచో తత్సమాన భాగాన్ని అనుమతించవచ్చునని నిర్ణయం వెలువడింది. మనవరాలు వచ్చింది, ఆటో వెనక నిలబడింది, అప్పలస్వామి సర్టిఫికెట్టులో ఒక మూల కొరికింది. అంచేత అతనికి నకలు ఇచ్చారు.

గడువు ఆఖరి రోజున భీమశంకరం గారు కారుకు దండ వేసుకుని వెళ్లారు. పక్కన మస్తాన్. స్పానరు జేబులోనే ఉంది. సీటు విప్పమంటే అక్కడే విప్పి, మస్తాన్‌ను ఎలా ఇంటికి చేర్చాలా అని ఆయన దారంతా ఆలోచిస్తూనే ఉన్నారు.

గుమస్తా వనజాక్షి పదహారేళ్ల నాటి ఫైలు తెచ్చి తెరిచింది. ఫొటోలో కొత్త కారు మెరుస్తోంది. ముందు తలుపు తెరిచి ఉంది. సీటులో ఆకుపచ్చ చీర కట్టుకుని హైమావతి, ఒళ్లో హారతి పళ్లెంతో, పూర్తిగా బయటికి తిరిగి కూర్చుని ఉంది. ఫొటో తీసే అబ్బాయి "ఇటు చూడండమ్మా" అంటే మెడ తిప్పితే చాలదనుకుని మనిషే తిరిగిపోయింది. అప్పటికి మోకాళ్లు బాగానే ఉన్నాయి. నవ్వు ఆపుకుంటోంది.

ఈ ఫొటో ఇంట్లో లేదు. ఇలాంటిదొకటి ఉందనే ఆయన మరిచిపోయారు. ప్రభుత్వం ఆమెను పదహారేళ్లు చెద పట్టకుండా దాచి ఉంచింది. వనజాక్షి ఆయన మొహం చూసి, ఫైలును కొంచెం ఆయన వైపు తిప్పి, వెతకనవసరం లేని ఏదో కాగితం కోసం సొరుగులో వెతుకుతూ కూర్చుంది.

కూర్మారావు వచ్చి ఫొటో మీద భూతద్దం పెట్టాడు.

"ముందు ఆసనంలో ఒక స్త్రీమూర్తి ఉన్నారు. ప్రస్తుతం లేరు. ఈ వ్యత్యాసానికి కారణం?"

"పోయిందండీ. నాలుగేళ్లయింది."

"ముందస్తు అనుమతి?"

"ఆవిడకు ఇచ్చిన వ్యవధి తక్కువండీ" అన్నారు భీమశంకరం గారు.

కూర్మారావు కలం ఆగింది. ఆ జవాబు రాయడానికి ఫారంలో గడి లేదు. గొంతు సవరించుకుని, ఈసారి కొంచెం నెమ్మదిగా అడిగాడు. "తత్సమాన భాగం ఏదైనా ఉన్నదా?"

కారులోంచి మస్తాన్ చెయ్యెత్తాడు. "ఉన్నానండీ."

అక్కడి నుంచి పని చకచకా జరిగింది. ఆకుపచ్చ రంగు తప్పనిసరి అని తేలింది. మస్తాన్ కొడుకు దుకాణం నుంచి ఆకుపచ్చ వాయిల్ గుడ్డ తెప్పించి భుజాల చుట్టూ కప్పారు. ఒళ్లో పళ్లెం పెట్టారు.

"నలభై ఏళ్లు ఊళ్లో ఆడవాళ్లందరికీ అన్న రోజుకు జాకెట్లు ఇవ్వని పాపం ఊరికే పోద్దా మాస్టారూ" అన్నాడు మస్తాన్.

"తత్సమాన భాగం మాట్లాడరాదు" అన్నాడు కూర్మారావు. "మూలభాగం ఫొటోలో మాట్లాడుట లేదు. ఇక బాహ్యదిశకు తిరిగి కూర్చోవలెను."

మస్తాన్ సీటుతో సహా బయటికి తిరిగాడు. కాలు చాపిన వైపు చాపినట్టే ఉంది. కూర్మారావు భూతద్దం మళ్లీ పెట్టాడు. ఫొటోలో హైమావతి చీర కుచ్చెళ్లు సీటును పూర్తిగా కప్పేశాయి. అతను చాలాసేపు కారునూ ఫొటోనూ మార్చి మార్చి చూశాడు.

"ఆసనం కనబడుట లేదు. కనబడని ఆసనం అందులో కూర్చున్నవారి దిశలోనే ఉన్నట్లు భావించవలెను. కనుక మూలస్వరూపంలోనే ఆసనం బాహ్యముఖం. తిరిగే ఏర్పాటు లేనిచో ఈ స్వరూపం అసాధ్యం." అతను భీమశంకరం గారి వైపు అనుమానంగా చూశాడు. "దీన్ని తొలగించే ఉద్దేశం ఏమైనా ఉన్నదా? తొలగించరాదు."

భీమశంకరం గారు జీవితంలో అబద్ధం ఆడలేదు. ఇప్పుడూ ఆడలేదు. ఆ రోజుల్లో సీటు తిరిగేదా అని అడిగి ఉంటే నిజమే చెప్పేవారు. ఎవరూ అడగలేదు. సర్టిఫికెట్టులో 'బాహ్యముఖ ఆసనం ఒకటి, విడిభాగం: మస్తాన్ వలి, ఒకటి' అని రాసి ముద్ర కొట్టారు.

ఆ మంగళవారం ఇద్దరూ సర్టిఫికెట్టు అద్దానికి అతికించుకుని రాజసంగా ఆసుపత్రికి వెళ్లి వచ్చారు. బుధవారం పైనుంచి ఇంకో మెమో దిగింది.

పై కార్యాలయంలో ఎవరో సూక్ష్మదృష్టి గలవారు, దాఖలైన ఫొటోలన్నీ ఒకచోట పరిచి చూసి, ఇంతవరకు ఎవరూ గమనించని సంగతి గమనించారు. ఏ ఒక్క ఫొటోలోనూ వాహనం కదలడం లేదు. పరిశీలన సమయంలో నిశ్చలంగా ఉన్న వాహనాలు, పరిశీలన ముగియగానే కదిలి వెళ్లిపోతున్నట్లు శాఖ దృష్టికి వచ్చినది. కదలిక కూడా అనుమతి లేని మార్పే. ఇకపై వాహనాలు స్వయంగా కదలరాదు.

గురువారం చింతలగట్టు నిశ్చలంగా తెల్లవారింది. బళ్లన్నీ తాజా దండలతో ఇళ్ల ముందు పెళ్లికూతుళ్లలా కూర్చున్నాయి. అప్పలస్వామి ఆటోకు ఎద్దును కట్టాడు. ఫొటోలో మేక ఉన్నది గానీ ఎద్దు లేదని ఎద్దును విప్పించారు. బడిపిల్లలు నడిచి వెళ్లారు. ఊరు హాయిగానే ఉందని మెచ్చుకున్నవాళ్లు కూడా లేకపోలేదు. వాళ్లెవరికీ శుక్రవారం డయాలసిస్ లేదు.

"అంబులెన్సుకు ఫోన్ చేశాను. దాని ఫొటోలో కూడా అది ఆగే ఉందట" అన్నారు భీమశంకరం గారు.

మస్తాన్ గుమ్మంలో కూర్చుని కాళ్లు చూసుకుంటున్నాడు. అప్పటికే పాదాలు వాచాయి. "రేపు కాకపోతే మంగళారం మాస్టారూ."

"మంగళవారం దాకా ఆగుతావా?"

"ఆగమంటే ఆగుతా. మీరేమో పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూస్తారేంటి నా మొహం?"

ఇంటికి వెళ్లి భీమశంకరం గారు మెమోను మొదటి నుంచి చివరిదాకా చదివారు. ముప్పై ఏళ్లు లేబొరేటరీలో, ఏది దేంట్లో పోస్తే పేలుతుందో తెలుసుకోవడానికి సీసాల మీద చిన్న అక్షరాలు చదివిన కళ్లవి. నాలుగో పేజీలో ఆగాయి. కదిలిన వాహనాన్ని శాఖ తన లారీతో లాగించి స్వాధీన ఆవరణకు చేర్చును. శాఖ లాగినచో అది కదలిక కాదు, తరలింపు. వాహనాన్ని సమస్త భాగాలతో తరలించవలెను. భాగాలకు గీత పడినను అధికారి బాధ్యుడు. విడుదల చేసినప్పుడు, స్వాధీనం చేసుకున్న చోటనే తిరిగి అప్పగించవలెను. స్వాధీన ఆవరణ చిరునామా: బైపాసు రోడ్డు, పెద్దాసుపత్రి ఎదురుగా.

ఆయన ఆ చివరి ముక్క రెండుసార్లు చదివారు.

శుక్రవారం ఏడున్నరకు మస్తాన్‌ను సీటులో కూర్చోబెట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పి, పళ్లెం ఒళ్లో పెట్టి, లోపలికి తిప్పి, బాత్రూం గడియ వేశారు. అప్పుడు ఇంజను స్టార్టు చేసి కారును సరిగ్గా రెండడుగులు కదిపి ఆపారు. దిగి, ఆఫీసుకు ఫోన్ చేశారు.

"మా వీధిలో ఒక కారు కదిలిందండీ."

"ఎవరిది?" అన్నాడు కూర్మారావు.

"నాదేనండీ. కళ్లారా చూశాను."

ఇరవై నిమిషాల్లో లారీ వచ్చింది. కూర్మారావు సర్టిఫికెట్టు చేత్తో పట్టుకుని భాగాలు సరిచూసుకున్నాడు. దండ ఉంది. నిమ్మకాయలున్నాయి. విడిభాగం నమస్కారం పెట్టింది. విడిభాగానికి గీత పడితే తనే బాధ్యుడన్న సంగతి కూర్మారావుకు గుర్తొచ్చింది. లారీ డ్రైవరును పక్కకు పిలిచాడు.

"గతుకుల దగ్గర నిమ్మళంగా పోనీ. లోపల భాగం పెద్దాయన."

అంత మెత్తగా ఆ దారిన ఏ బండీ ఏనాడూ వెళ్లలేదు. గతుకు వచ్చినప్పుడల్లా లారీ ఆగి, ఆలోచించి, దిగి, ఎక్కింది. భీమశంకరం గారు స్టీరింగు వదిలేసి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. పక్కన మస్తాన్ కిటికీలోంచి ఊరికి చెయ్యి ఊపాడు.

ఆవరణలో ఇంకో చిక్కు వచ్చింది. స్వాధీనమైన వాహనం నుంచి భాగాలు బయటికి వెళ్లకూడదు. ఎదురుగా రోడ్డు దాటితే ఆసుపత్రి.

"విడిభాగం పాడైందండీ" అన్నారు భీమశంకరం గారు. "మరమ్మతు చేయించకపోతే స్వాధీనంలో ఉండగా పాడైందని రేపు మీ మీదికి వస్తుంది."

కూర్మారావు మస్తాన్ వాచిన పాదాల వంక చూశాడు. తర్వాత తన రూళ్ల పుస్తకం వంక చూశాడు. గేటు పాసు పుస్తకం తీసి, నిలబడే రాశాడు. విడిభాగం ఒకటి, మరమ్మతు నిమిత్తం ఎదుటి ఆసుపత్రికి, వ్యవధి నాలుగు గంటలు. సీటును తనే బయటికి తిప్పాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు మస్తాన్‌ను చెరో పక్కా పట్టుకుంటే, మూడో అతను ఎండ తగలకుండా గొడుగు పట్టాడు.

"మెల్లగా పట్టండి. గీత పడద్ది" అన్నాడు మస్తాన్.

వారం తిరిగేసరికి సంగతి ఊరంతా పాకింది. పొద్దున్నే బళ్లు తలా రెండడుగులు కదిలేవి. బైపాసులో పనున్నవాళ్లందరూ స్వాధీనమై వెళ్లి, విడుదలై వస్తున్నారు. స్వాధీనాల సంఖ్యలో చింతలగట్టు రాష్ట్రంలోనే అగ్రస్థానంలో ఉన్నదని కూర్మారావుకు పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అది చదువుకుని అతను ఎందుకో రెండు రోజులు దిగులుగా ఉన్నాడు.

మూడో శుక్రవారం, ఆవరణలో తడికల నీడన భీమశంకరం గారు కూర్చుని ఉండగా, అతను విడుదల కాగితం పట్టుకుని వచ్చాడు. ఎదుటి ఆసుపత్రిలో మస్తాన్ డయాలసిస్ మిషను ఎక్కి అప్పటికి గంటన్నరే అయింది.

"తమ వాహనం విడుదలైనది. తరలింపుకు లారీ సిద్ధం."

"ఇప్పుడే వద్దండీ. మరమ్మతు ఇంకా రెండున్నర గంటలు ఉంది. తొందరపడి విడుదల చెయ్యకండి."

కూర్మారావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. నౌకరు రెండు గ్లాసుల టీ తెచ్చాడు. చంకలో ఫైలు లేదు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అవస్థపడి, గ్లాసు చుట్టూ పెట్టుకున్నాడు.

"మంగళవారం ఎన్నింటికి కదుపుతారు మాస్టారూ?" అని అడిగాడు. "లారీ ముందే పంపిస్తాను."